లాక్ పెడితే క్రాష్ ఆగింది. రెజ్యూమేలో రాయొచ్చా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను, సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలని ఉంది. ఒక ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ (ఒక రకం మెషీన్ ప్రోగ్రాములను వేరే రకం మెషీన్‌లో నడిపేది) మెమరీ మ్యాపింగ్ కోడ్‌లో రేస్ కండిషన్ (థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనులు, ఏది ముందు నడిచిందన్న దాన్ని బట్టి వచ్చే తప్పు) దొరికింది. లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళం) పెడితే క్రాష్ ఆగిపోయింది. దీన్ని రెజ్యూమేలో పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, ఇంత మాత్రానికే కాదు. ‘ఎందుకు ఆగింది?’ అన్నదే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న. మీ లాక్ వల్ల టైమింగ్ మారి బగ్ దాక్కుని ఉండొచ్చు కూడా.

ముందు రెండు థ్రెడ్ల వరుసను కాగితం మీద గీయండి. తరచూ జరిగేది ఇది: గెస్ట్ (ఎమ్యులేటర్ లోపల నడిచే ప్రోగ్రాం) అడిగిన మన్‌మ్యాప్‌ను (మెమరీని వదిలేయడం) మొదటి థ్రెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌తో చేయించింది, కానీ ఎమ్యులేటర్ పేజీ టేబుల్‌లో (ఏ మెమరీ వాడకంలో ఉందో రాసుకునే పట్టిక) ‘ఖాళీ’ అని ఇంకా రాయలేదు. ఈలోగా రెండో థ్రెడ్ ఎంమ్యాప్ (మెమరీ ఇమ్మని అడగడం) పిలిస్తే కెర్నల్ అదే అడ్రస్ ఇచ్చింది, ఆ థ్రెడ్ ‘వాడకంలో ఉంది’ అని రాసుకుంది. అప్పుడు మొదటిది తీరిగ్గా వచ్చి ‘ఖాళీ’ అని కొట్టేసింది. పేజీ బతికే ఉంది, లెక్కలో మాత్రం లేదు. సిస్టమ్ కాల్ (కెర్నల్‌ను పిలవడం), టేబుల్ మార్పు రెండూ ఒకే లాక్ కింద జరగాలి. టేబుల్‌కి మాత్రమే తాళం వేస్తే సందు అలాగే ఉంటుంది. పైగా లాక్ లేకుండా డేటా ముట్టుకునే థ్రెడ్లను పట్టే టూల్ థ్రెడ్‌శానిటైజర్ కూడా నోరు మెదపదు, ఎందుకంటే టేబుల్‌ను ముట్టుకున్న ప్రతిసారీ లాక్ ఉంది కదా!

లాక్‌తో తీరనిది ఇంకొకటుంది. ఖాళీ చోటు వెతికి, తర్వాత మ్యాప్‌_ఫిక్స్‌డ్‌తో (సరిగ్గా ఈ అడ్రస్‌లోనే పెట్టమని చెప్పే ఎంమ్యాప్ ఫ్లాగ్) మ్యాప్ చేసే కోడ్ ఉందేమో చూడండి. ఆ మధ్యలో హోస్ట్ మాలాక్ (ఎమ్యులేటర్ తన సొంత అవసరానికి మెమరీ తీసుకునే ఫంక్షన్) అదే చోటు తీసుకోవచ్చు. దానికి మీ లాక్ సంగతే తెలియదు. మ్యాప్‌_ఫిక్స్‌డ్ అక్కడున్నదాన్ని చెప్పాపెట్టకుండా చెరిపేస్తుంది. లైనక్స్ 4.17 నుంచి ఉన్న మ్యాప్‌_ఫిక్స్‌డ్‌_నోరీప్లేస్ వాడితే ఎర్రర్ వస్తుంది, మళ్లీ వెతకొచ్చు. పాత కెర్నళ్లు ఈ ఫ్లాగ్‌ను పట్టించుకోవు, అందుకే తిరిగొచ్చిన అడ్రస్ అడిగినదేనా అని తప్పక సరిచూడాలి.

టెస్ట్‌గా 8 థ్రెడ్లు పెట్టండి. ప్రతిదీ మ్యాప్ చేసి, తన నంబరు రాసి, తిరిగి చదివి, అన్‌మ్యాప్ చేయాలి. ఇలా 1,00,000 సార్లు. రాసింది, చదివింది తేడా వస్తే సందు దొరికినట్టే. లాక్ పట్టుకుని ఉండగా వేరే థ్రెడ్ ఫోర్క్ చేస్తే (ప్రాసెస్‌కు నకలు తీస్తే) ఆ నకలులో, అంటే చైల్డ్‌లో, ఆ లాక్ ఎప్పటికీ విడుదల కాదు, దానికీ ఒక టెస్ట్ రాయండి.

ప్యాచ్ (మీ కోడ్ మార్పు) పంపేటప్పుడు దాంతో వెళ్లే వివరణలో, అంటే కమిట్ మెసేజ్‌లో, ఆ వరుసను అడుగడుగునా రాయండి. రెజ్యూమేలో రెండు లైన్లు చాలు: ఏ క్రమంలో తప్పింది, ఏ టెస్ట్‌తో పట్టుకున్నారు. కెర్నల్, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్), డేటాబేస్ టీములు వెతికేది అదే. ప్యాచ్ ఇంకా ప్రాజెక్టులో కలవకపోతే (మెర్జ్ కాకపోతే) ‘రివ్యూలో ఉంది’ అనే రాయండి.