వేటకు వెళ్ళబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పాత సోనా బోటు, అదే చిన్న కొయ్య మరబోటు, ఒకటి కొన్నావనీ, జూన్ 14 అర్ధరాత్రి సముద్రంలో చేపల వేట నిషేధం తీరగానే అందరికంటే ముందు రేవు దాటి వేటకు వెళ్ళాలని అనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఊరి కుర్రాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి ఎవరి బోటులోనో కలాసీలుగా, అంటే పనివాళ్ళుగా, చేరుతున్న కాలంలో, 2018లో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్ళకు చిక్కి 2020 జనవరి దాకా తిరిగి రాలేకపోయిన సంగతి తెలిసి కూడా బతుకుతెరువు కోసం ఇంకా వెళ్తూనే ఉన్న కాలంలో, నువ్వు విశాఖ రేవులోనే సొంత బోటుకు యజమానివయ్యావంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ గర్వం ఆ పూటంతా ఉంది. రాత్రి పడుకున్న తరువాత మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి పెద్దగా చెప్పను. లైసెన్సు, బోటు రిజిస్ట్రేషను కాగితాలు తడవకుండా పెట్టుకో. లీటరుకు 9 రూపాయల డీజిల్ సబ్సిడీ నీ పేరున వచ్చేలా పాత యజమాని దగ్గర సంతకాలు ఇప్పుడే తీసుకో. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు వల వేయకు. అది తెప్పల వాళ్ళది, వాళ్ళూ మనవాళ్ళే. ఇన్సూరెన్సు కట్టు. 2023 నవంబరులో మన రేవులోనే ఒక్క రాత్రిలో ముప్పైకి పైగా బోట్లు కాలిపోయిన సంగతి నువ్వు కళ్ళారా చూసినవాడివి కనుక, బోటులో నిప్పు విషయం నేను వేరే చెప్పనక్కరలేదు. కోస్ట్‌గార్డు నెంబరు 1554 కలాసీలందరికీ నోటికి రావాలి. చేపలు ఎక్కడున్నాయో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు చెబుతారు. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం సంగతి చెబుతున్నారని మేము మొదట్లో నవ్వుకున్నాము కాని, వాళ్ళ మాట నమ్మినవాడు డీజిల్ మిగుల్చుకున్నాడు.

నాకున్న భయం గాలివాన గురించి కాదు. గాలివాన చెప్పి వస్తుంది, రేడియోలో వస్తుంది, ఇప్పుడు ఫోనులో కూడా వస్తుంది. చెప్పకుండా వచ్చేది అడుగు నుంచి వచ్చే నీరు. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే మన ఇంట్లో అది తెలిసినవాళ్ళం ఇద్దరమే; మాలో ఒకరు ఇప్పుడు లేరు.

అది 2007. అప్పట్లో నిషేధం ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు, అంటే 47 రోజులే. నేను డ్రైవరుగా ఉన్న కొయ్య బోటును ఒడ్డుకెక్కించి మరమ్మతు చేయించాము. వడ్రంగి పలకల సందుల్లో నూలు దట్టించి గుగ్గిలం పూశాడు కాని, డబ్బు చాలక కుడివైపు అడుగు పలకలను సగం దాకానే చేయించాను. పని ముగించి వెళ్తూ ఆయన ఒక్కటే చెప్పాడు: "ఎండిన కొయ్య బాబూ, నాలుగు రోజులు నీళ్ళలో ఉంచి పలకలు ఉబ్బనివ్వు, తరువాత బయలుదేరు." రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో నెలన్నర పడి ఉన్న పలకలు ఒకదానికొకటి ఎడం కాకుండా ఎలా ఉంటాయి? ఆ మాత్రం తెలియని వయసు కాదు నాది. కాని పెట్టుబడి పెట్టిన వ్యాపారి మృగశిర కార్తె నాటికి చేప దించితే ధర రెట్టింపని ఊరించాడు. పక్క బోటు వాళ్ళు అప్పటికే ఐసు ఎక్కిస్తున్నారు. బోటును 31వ తేదీ ఉదయం నీటిలోకి దించి, ఆ అర్ధరాత్రే గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బయలుదేరాను.

సముద్రం ఆ రాత్రి చెరువులా ఉంది. రేవు దాటి నాలుగు గంటలు గడిచాక ఇంజను శబ్దం మారింది. బరువేదో మోస్తున్నట్టు మూలిగింది. మూత తెరిచి టార్చి వేసి చూస్తే ఫ్లైవీలు సగం దాకా నీళ్ళు, అది తిరుగుతూ ఆ నీటిని నా ముఖాన చిమ్ముతోంది. పంపు వేస్తే పని చేయలేదు. వడ్రంగి చెక్కిన కొయ్య పొట్టు, నూలు ముక్కలు అడుగున ఉండిపోయి పంపు నోటికి అడ్డుపడ్డాయి. వాటిని ఏరి పారేయించవలసింది నేను. పడుకున్న కలాసీలను లేపి, బరువు తగ్గాలని గదిలోని ఐసంతా సముద్రంలో పారబోయించాను. ఒక మనిషి మెడ దాకా ఆ నూనె నీళ్ళలోకి దిగి, పంపు నోటి దగ్గర చేయి పెట్టి పొట్టు తీస్తూ, బకెట్టుతో నీళ్ళు అందిస్తూ తెల్లవారే దాకా పైకి రాలేదు. ఆ మనిషి మీ నాన్న. సూర్యుడు వచ్చాక ఒక బోటు మమ్మల్ని తాడు కట్టి లాక్కొచ్చింది. రేవులో దిగినప్పుడు మా బావ అరచేతులు తోలు ఊడిపోయి ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మళ్ళీ బోటు ఎక్కలేదు కూడా. ఐసు ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. నాన్నకు సముద్రమంటే పిరికితనమని నువ్వు చిన్నప్పుడు స్నేహితుల ముందు అన్నావని విన్నాను. అప్పుడే నీ చెవి పట్టుకుని చెప్పవలసింది, నా తప్పు బయటపడుతుందని చెప్పలేదు.

ఇప్పుడు నీ లెక్క చూసుకో. 2015లో పెంచినప్పటి నుంచి నిషేధం 61 రోజులు, అంటే చివరి రోజు దాకా ఒడ్డునే ఉంచితే నీ బోటు నా బోటు కంటే రెండు వారాలు ఎక్కువ ఎండుతుంది, పైగా నా బోటు కంటే పాతది. జూన్ 7కల్లా దానిని నీటిలోకి దించి, రేవులోనే కట్టి ఉంచు. మొదటి రెండు రోజులు నీరు కారుతుంది, కంగారు పడకు. కొయ్య నీరు తాగి ఉబ్బిన కొద్దీ తగ్గుతుంది. నాలుగో రోజుకు కూడా తగ్గలేదంటే తిరిగి ఒడ్డుకెక్కించు, తొలి వేట పోతే పోనీ. షాఫ్టు బయటకు వెళ్ళే చోట నీరు లోపలికి రాకుండా చుట్టే గ్లాండు ప్యాకింగు కొత్తది వేయించు. అడుగున పొట్టు చీపురుతో ఊడ్చితే పోదు, చేత్తో ఏరాలి, నువ్వే ఏరాలి. సముద్రంలో రెండు గంటలకొకసారి మూత తీసి చూడటానికి ఒక మనిషిని పెట్టు. నిద్ర ఆపుకోలేని కుర్రాడిని కాదు, కాస్త వయసు మళ్ళినవాడిని. లైఫ్ జాకెట్లు తలగడలుగా వాడుకోవడం నేను చూశాను, నీ బోటులో అది కుదరదు.

అర్ధరాత్రి అందరికంటే ముందు వెళ్ళాలన్న నీ సరదాను నేను కాదనను, ఇరవై ఆరేళ్ళ వయసులో అది లేకపోతే ఎలా? కాని వెళ్ళేది నీళ్ళు తాగిన బోటు కావాలి. జూన్ 8 ఉదయం నేను వస్తున్నాను. పండుగప్ప కూర వండమని మీ అత్తతో చెప్పి, నీ కోసం క్యారియరులో తెస్తాను. ముందు అడుగులోకి దిగి పలకలన్నీ తడిమి చూస్తాను, తిండి తరువాత. మోకాళ్ళ నొప్పి ఉంది కనుక నిచ్చెన ఒకటి సిద్ధంగా ఉంచు.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు. ఆ రోజు వలలు చిరిగి వెనక్కి వచ్చామని చెప్పాను, నా చెల్లెలు ఇప్పటికీ అదే నమ్ముతోంది. చెప్పవలసి వస్తే నేనే, నీ బోటు తొలి వేట నుంచి తిరిగి వచ్చిన రోజున చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య