అయిదడుగుల మనిషికి ఏ స్కూటర్?

ప్రశ్న: మంగళగిరి నుంచి బెజవాడ బెంజి సర్కిల్ దాకా రోజూ ఉద్యోగానికి వెళ్లాలి. నా ఎత్తు అయిదడుగులే. నమ్మకంగా నడిచే చిన్న స్కూటర్ ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, ముందు షోరూములో బండెక్కి కూర్చోండి. రెండు పాదాలూ నేలకు ఆనాలి. తర్వాత దిగి, స్టాండు తీసి, వెనక్కి నెట్టి చూడండి. పార్కింగులో రోజూ పడే పాట్లు అవే.

మీ దారిలో కనకదుర్గ వారధి ఉంది. పక్కనుంచి లారీ దూసుకుపోతే మరీ తేలిక బండి ఊగుతుంది. అందుకే 110 సీసీ తీసుకోండి. యాక్టివాకు ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10. జూపిటర్‌కు రెండూ 12. గుంతల్లో పడి లేచే నడుముకు ఆ తేడా తెలుస్తుంది. నా ఓటు జూపిటర్‌కే.

ఇంకో మాట, బెల్టు. నా పాత స్కూటర్‌కు సరిగ్గా ఆ వారధి మీదే తెగింది. ఇంజను గుర్రుమంటోంది, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి కదలదు. ఎండలో చివరిదాకా నెట్టుకెళ్లాను. ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించేది ఆ రబ్బరు బెల్టే. సర్వీసుకిచ్చినప్పుడు ఎడమవైపు మూత విప్పించి, పగుళ్లున్నాయేమో మీ కళ్లతో చూడండి. ఉంటే అక్కడే మార్పించేయండి, వచ్చే సర్వీసుకి చూద్దామంటే ఒప్పుకోకండి.