పిల్లలు చిన్నవాళ్లు: ఇంటి నుంచే పర్యావరణహిత ఆర్కిటెక్చర్ ప్రాక్టీస్ నడపొచ్చా?

నడపొచ్చు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆర్కిటెక్ట్ అనే పేరుతో పనిచేయాలంటే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, విడిగా ఆఫీసు ఉండి తీరాలని లేదు. మధ్యలో కొన్నేళ్లు పని ఆపినా ఇబ్బంది లేదు, రెన్యూవల్ ఫీజు కడుతూ ఉంటే చాలు. కట్టకపోతే పేరు రిజిస్టర్ నుంచి తీసేస్తారు, అయితే మళ్లీ చేర్పించుకునే వీలుంది.

అసలు టెన్షన్ సైటు దగ్గరే. డ్రాయింగులు పిల్లలు పడుకున్నాక కూడా వేసుకోవచ్చు. కానీ ఇలాంటి కట్టడాల్లో పద్ధతులు చాలామంది మేస్త్రీలకు కొత్త, దగ్గరుండి చూపించాలి. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్ గోడనే తీసుకోండి. ఇటుకలను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ కడతారు. సుమారు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీలోని గాలి వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. అలవాటు కొద్దీ మేస్త్రీ ఆ ఖాళీని సిమెంటు మాలుతో నింపేస్తే వేడిని ఆపే లాభం పోతుంది, మాలూ వృథా అవుతుంది. అందుకే మొదటి వరసలు కట్టే రోజుల్లో మీరు అక్కడ ఉండాల్సిందే. ఆ తేదీలు ముందే మేస్త్రీతో ఖాయం చేసుకుని, ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేసుకోండి. ఇంటికి దగ్గరి సైట్లే ఒప్పుకోవడం ఇంకా మంచిది.

గ్రీన్ సర్టిఫికెట్ లేకుండా ఈ పని చేయకూడదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్), ‘గృహ’ (GRIHA) అనే గ్రీన్ రేటింగులు ఇచ్చేది భవనానికి, ఆర్కిటెక్టుకు కాదు. మామూలు సొంతింటికి అవి తప్పనిసరి కూడా కాదు.