అత్తగారి మీద కోపం వస్తోంది... నాలో ప్రేమ లేదా?

ప్రశ్న: మాది చిత్తూరు. పద్నాలుగు నెలల క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. వేలూరులో చూపించి ఇంటికి తెచ్చుకున్నాం. కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట సరిగా రాదు. టీచరు ఉద్యోగం మానేసి నేనే చూసుకుంటున్నాను. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతాను, ఇంతవరకు ఒంటి మీద పుండు పడలేదు. తిరుపతిలో ఉన్న మా మరిది ఇన్నాళ్లలో మూడుసార్లు వచ్చి, గంటసేపు కూర్చుని వెళ్లాడు. ఆ తేదీలు డైరీలో రాసిపెట్టుకున్నాను. మావారు ‘అమ్మకు నువ్వు చేస్తేనే ఇష్టం’ అంటారు. మా చర్చి సంఘంలో ఒక పెద్దావిడతో చెప్పుకుంటే ‘ప్రేమ అన్నిటికి తాళుకొనును’ అని బైబిలు వాక్యం చెప్పి పంపించారు. మొన్న అర్ధరాత్రి పక్కబట్టలు మారుస్తూ, ఈమె త్వరగా వెళ్లిపోతే బాగుండు అనుకున్నాను. అప్పటి నుంచి ప్రార్థనకు మోకరించలేకపోతున్నాను. నాలో ప్రేమ అనేదే లేదా?

జవాబు: అమ్మా, పుండు పడలేదన్న సంగతి మీరు మామూలు విషయంలా రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. కదలలేని మనిషికి నడుము కింద, మడమల దగ్గర, తుంటి పక్కన ఎముక ఒత్తుకున్న చోట రక్తం ఆడదు. కొన్ని గంటలు అలాగే వదిలేస్తే చర్మం ఎర్రబడుతుంది, తర్వాత చితుకుతుంది. పద్నాలుగు నెలలు ఆ చర్మం చెక్కుచెదరకుండా ఉందంటే ఎన్ని రాత్రులు మీరు అలారం పెట్టుకుని లేచి ఉంటారో నాకు అర్థమవుతోంది. మీలో ప్రేమ ఉందా అని నన్ను అడుగుతున్నారు. మీ అత్తగారి వీపు చూడండి.

ఆ వాక్యం ఉన్నది అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో. కొరింథీయులకు రాసిన ఆ మొదటి పత్రిక పదమూడో అధ్యాయం మీకు కంఠస్థమే అయి ఉంటుంది. ఈసారి నెమ్మదిగా చదవండి. సహించును, దయ చూపించును, మత్సరపడదు, ఉప్పొంగదు... అన్నీ క్రియలే. మూలమైన గ్రీకులోనూ అంతే. ప్రేమ ఉన్నవారికి లోపల ఎలా ఉంటుందో పౌలు చెప్పలేదు, వారు ఏం చేస్తారో, ఏం చేయరో చెప్పాడు. అర్ధరాత్రి విసుగు వచ్చిందని, ఆ విసుగుతోనే మీరు మార్చిన పక్కబట్టలకు విలువ పోదు.

ఇక ఆ పెద్దావిడ చెప్పిన వాక్యం. ఆమె మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ పత్రిక ఎవరికి రాసిందో కూడా చూడాలి. కొరింథు సంఘంలో వర్గాలు, కలహాలు ఉండేవి. పదకొండో అధ్యాయం చూడండి, ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ అందరూ కలిసి తినే విందులో కూడా కొందరు ముందే తినేసేవారు, మరికొందరు ఆకలితో ఉండిపోయేవారు. అలాంటి సంఘం మొత్తాన్ని ఉద్దేశించి రాసిన మాటలివి. ముందు తినేసిన వాళ్లను వదిలేసి, ఆకలితో ఉన్న మనిషి ఒక్కదానికే ‘తాళుకో’ అని చెబితే వాక్యాన్ని తలకిందులు చేసినట్టే. మీ ఇంట్లో ఆ అధ్యాయం ముందుగా వినవలసినవారు మీ భర్త, మీ మరిది. ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను. ‘నువ్వు చేస్తేనే ఇష్టం’ అనే మెచ్చుకోలు వెనుక ఎన్ని ఇళ్లల్లో ఎందరు కోడళ్లు నలిగిపోయారో చూస్తూనే ఉన్నాను.

యేసు చెప్పిన మంచి సమరయుని కథలో మనం తరచుగా దాటేసే ఒక సంగతి ఉంది. ఆ సమరయుడు దారిలో గాయపడి ఉన్న ఒక మనిషి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్లవాని ఇంటికి తీసుకెళ్లాడు, ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మరునాడు రెండు దేనారాలు, అంటే కూలివాడి రెండు రోజుల సంపాదన, ఇంటివాని చేతిలో పెట్టి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన వెళ్లాడు. పనిని ఇంకొకరికి అప్పగించినందుకు యేసు అతన్ని తప్పుపట్టలేదు, నీవును వెళ్లి ఆలాగు చేయుమన్నాడు. పగటిపూట ఒక ఆయాను పెట్టుకోవడం ప్రేమ తక్కువై చేసే పని కాదు. ఆ ఖర్చులో సగం తిరుపతి నుంచి రావాలి.

డైరీ సంగతి. ప్రేమ ‘అపకారమును మనస్సులో ఉంచుకొనదు’ అన్నచోట పౌలు వాడింది లెక్కలు రాసుకునేవారి మాట, పద్దు వేసుకోవడం అని. ఆ మూడు తేదీలూ మిమ్మల్నే కొరుకుతున్నాయి, మీ మరిదికి అవి ఉన్నట్టే తెలియదు. ఆ పేజీ పక్కన పెట్టి, కొత్త పేజీలో ఒక్క రోజు పనులు వేళలతో రాయండి: మందులు, స్నానం, పక్కకు తిప్పడం, అన్నం మెత్తగా కలిపి తినిపించడం, రాత్రి లేచిన వేళలు. మరిదిని పిలిచి మీ భర్త చేతనే అది చదివించండి. నిరుడు ఎందుకు రాలేదని అడగవద్దు, వచ్చే నెల ఏ వారం నీదని అడగండి. 2007 నాటి వృద్ధ తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఈ బాధ్యతను కొడుకులు, కూతుళ్లు, పెద్దవారైన మనవలు, మనవరాళ్ల మీదే పెట్టింది, కోడలిని అందులో చేర్చలేదు. కోర్టుకు వెళ్లమని చెప్పడం లేదు, మీ భర్తకు ఈ సంగతి తెలిసి ఉండాలని చెబుతున్నాను.

ఆ రాత్రి వచ్చిన తలంపు గురించి మిమ్మల్ని మీరు దోషిగా నిలబెట్టుకోకండి. నెలల తరబడి నిద్ర లేనివారికి అలాంటి తలంపులు వస్తాయి. మోకరించలేకపోతే మంచం పక్కనే కూర్చుని ‘యెహోవా, ఎన్నాళ్లవరకు’ అనే పదమూడో కీర్తన చదవండి, అదీ ప్రార్థనే. కానీ ఏడుపు ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా, ఆమెకు హాని చేస్తానేమోనని భయం వేసినా ఆలస్యం చేయకుండా 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అనే ఉచిత సేవ అది, తెలుగులోనే మాట్లాడతారు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కూడా కలవవచ్చు.

ఈ ఆదివారం మీరు ఆరాధనకు వెళ్లండి, మీ భర్త ఇంట్లో ఉంటారు. మోకాలు మడిచి, భుజం, తుంటి పట్టుకుని అమ్మను ఎలా తిప్పాలో, వీపు వెనుక దిండు ఎక్కడ పెట్టాలో శనివారం రాత్రే ఆయనకు చూపించండి. ఒకసారి ఆయన చేతనే చేయించండి.