రోడ్డు అంచున ధాన్యం ఉంటే, నడిచిన మనిషిదే తప్పా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర, 216 జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊరు. మా నాన్నగారు కౌలు రైతు, వయసు 58. కిందటి నవంబరు నెలాఖరులో సాయంత్రం ఆరున్నరప్పుడు పొలం నుంచి నడిచి ఇంటికి వస్తుంటే రొయ్యల వ్యాను వెనక నుంచి గుద్దింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయారు. అప్పుడు సార్వా కోతలు. రోడ్డు అంచంతా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంది. పోలీసులు డ్రైవరు మీద కేసు కట్టారు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చినాయన మాత్రం, ‘మీ నాన్న రోడ్డు మధ్యలో నడిచాడు, అక్కడ జీబ్రా క్రాసింగ్ కూడా లేదు, తప్పు ఆయనదే. కోర్టుకెళ్తే ఏమీ రాదు. రెండు లక్షలు ఇప్పిస్తాం, సంతకం పెట్టండి’ అంటున్నారు. ఊళ్లో కొందరు ధాన్యం పోసిన రైతు మీద కేసు వేయమంటున్నారు. ఇంట్లో అమ్మ, డిగ్రీ చదువుతున్న నేను, ఇంటర్ చదివే తమ్ముడు. ఐదు నెలలు కావస్తోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ కాగితం మీద మీరుగానీ మీ అమ్మగారుగానీ సంతకం పెట్టకండి. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం, వాహనం వల్ల మనిషి చనిపోతే ఆ కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలి. తప్పు డ్రైవరుదని మీరు రుజువు చేయనక్కర్లేదు. 2019 సవరణతో వచ్చిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ‘కోర్టుకెళ్తే ఏమీ రాదు’ అన్నాయన మీకు చూపిస్తున్నది ఆ కనీస మొత్తంలో సగం కూడా కాదు. పైగా రాజీకి ఒప్పుకుని సంతకం చేశాక మళ్లీ ఎక్కువ అడగడానికి దారి దాదాపు మూసుకుపోతుంది. 164 కింద 5 లక్షలు తీసుకున్నా, 166వ సెక్షన్ కింద వేసే పూర్తి పరిహారం కేసు ఆగిపోతుంది. మీ కేసు 166 కింద వేయదగ్గ కేసు, కాకపోతే అందులో తప్పు డ్రైవరుదని చూపించాలి.

ఇక ‘రోడ్డు మధ్యలో నడిచాడు’ అన్న మాట. మీ కేసు గెలుపోటములు దీని మీదే ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

కోనసీమలోనూ, అవతల పశ్చిమ డెల్టాలోనూ నడిచి వెళ్లేవాళ్లు ప్రమాదాలకు గురయ్యే చోట్లు గమనిస్తే ఎక్కడపడితే అక్కడ కాదని తెలుస్తుంది. కాలువ గట్టు రోడ్డు తీసుకోండి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఇళ్లో మురుగు కోడో ఉంటుంది. తారు అయిపోయిన చోటే గట్టు జారిపోతుంది. మనిషి పక్కకి తప్పుకోవాలంటే నీళ్లలోకి దిగాలి. పాత వంతెనల మీద పిట్టగోడకీ టైరుకీ మధ్య మనిషి పట్టేంత జాగా ఉండదు. ఊరి మధ్య నుంచి హైవే పోయే చోట బస్సు దిగినవాళ్లు బస్సు వెనక నుంచే రోడ్డు దాటుతారు. ఎదురుగా వచ్చే లారీ డ్రైవరుకి వాళ్లు ఆఖరి క్షణం దాకా కనపడరు. రావులపాలెం, తణుకు వైపు 16వ నంబరు నాలుగు వరుసల రహదారి మీద ఇంకో రకం. మొదటి వరుసలో కారు దయతలచి ఆగుతుంది, ఆ కారు చాటున రెండో వరుసలో వచ్చేది ఆగదు. తిరుగు దారి కిలోమీటరు అవతల ఉంటే, తలమీద గడ్డిమోపు ఉన్న మనిషి డివైడర్ సందులోంచి దాటకుండా ఏం చేస్తుంది?

వేళ కూడా అంతే ముఖ్యం. నవంబరు నెలాఖరులో మన వైపు ఐదున్నర లోపే పొద్దుగూకుతుంది. ఆరున్నరకి చిమ్మచీకటి. పొలం పనివాళ్లు ఇళ్లకి మళ్లే వేళా, చెరువుల దగ్గర రొయ్యలు ఎక్కించుకున్న వ్యాన్లు ఐసు కరిగేలోపు చేరాలని పరిగెత్తే వేళా ఒకటే. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే ఆ దూరం అయిపోతుంది. ఎదురు లైట్లు కళ్లలో పడితే ఆ చూడటం కూడా ఆలస్యమవుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే నడిచే మనిషిని గుద్దిన కేసుల్లో వేగం గురించి అంత గట్టిగా అడుగుతారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. ఇంతమందీ అజాగ్రత్తగా నడిచి చనిపోయారంటే నేను ఒప్పుకోను. నడవడానికి చోటు లేని రోడ్డు మీద వాళ్లు నడవాల్సి వచ్చింది.

మీ నాన్నగారి విషయంలో ఆ చోటుని ధాన్యం తీసేసుకుంది. మార్జిను మీదా తారు అంచు మీదా ధాన్యం, దాని చుట్టూ రాళ్లు ఉంటే, మనిషి ధాన్యం పక్క నుంచే నడవాలి. ఆ ‘పక్క’ తారు మీద ఐదారడుగులు లోపలికి వస్తుంది. కంపెనీ మనిషి దాన్నే ‘రోడ్డు మధ్య’ అంటున్నాడు. జీబ్రా క్రాసింగ్ మాటకి ఇక్కడ చోటే లేదు. అది రోడ్డు దాటేవాళ్ల కోసం. మీ నాన్నగారు దాటడం లేదు, రోడ్డు వెంట నడుస్తున్నారు, దెబ్బ వెనక నుంచి తగిలింది. ముందు నడుస్తున్న మనిషిని చూసి తప్పించాల్సిన బాధ్యత వెనక వచ్చే బండిదే. నడిచేవాళ్లు, సైకిలు వాళ్లు, పిల్లలు, ముసలివాళ్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లు డ్రైవరుకి చెప్తున్నాయి. అంచున ధాన్యం కనపడుతూనే ఉంది, కోతల కాలమని ఆ దారిన రోజూ తిరిగే డ్రైవరుకి తెలుసు. వేగం తగ్గించడానికి అది ఇంకో కారణం. మనిషి మీదకి వెళ్లడానికి సాకు కాదు.

చనిపోయిన వ్యక్తికీ తప్పులో వాటా ఉందని కంపెనీ అంటే, ఆ మాట కంపెనీయే సాక్ష్యంతో నిలబెట్టాలి. ఊరికే కౌంటరులో, అంటే కోర్టుకి ఇచ్చే రాతపూర్వక జవాబులో, రాస్తే సరిపోదు. సంఘటన స్థలం పంచనామాలో బండి ఎక్కడ ఆగి ఉందన్న దాన్ని మాత్రమే పట్టుకుని అవతలి మనిషికి తప్పు అంటగట్టకూడదని 2013లో జిజు కురువిల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డ్రైవరు బోనెక్కి సాక్ష్యం చెప్పకపోతే అది కూడా మీకే మేలు. ఈ పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్లో క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, జరిగే అవకాశం ఎటు ఎక్కువుందో చూస్తారు.

అందుకని మీరు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఇప్పుడు దాళ్వా కోతలు మొదలవుతున్నాయి. అదే చోట మళ్లీ ధాన్యం పోస్తారు. సాయంత్రం అదే వేళకి వెళ్లి ఫొటోలు, వీడియో తీయించండి. తారు వెడల్పు టేపుతో కొలిచి, ధాన్యం ఎన్ని అడుగులు ఆక్రమించిందో, వీధి దీపం ఉందో లేదో, దగ్గరి మలుపు ఎంత దూరమో రాసుకోండి. ఇది ఆ రోజు నాటి ఫొటో కాదు కాబట్టి ఇది ఒక్కటే చాలదు. ఆ రోజు అక్కడున్నవాళ్లు ఎవరైనా ఫోన్లో తీసి ఉంటే అడగండి. ధాన్యానికి కాపలా పడుకున్నవాళ్లు మంచి సాక్షులు, వాళ్ల పేర్లు ఎఫ్‌ఐఆర్‌లో లేకపోయినా ట్రిబ్యునల్లో చెప్పొచ్చు. పోలీసులు గీసిన రఫ్ స్కెచ్ నకలు తీసుకుని, అందులో ధాన్యం చూపించారా, రోడ్డు అంచు నుంచి ఎన్ని అడుగుల దూరంలో మీ నాన్నగారు పడి ఉన్నారో చూడండి. స్కెచ్‌లో ధాన్యం లేకపోతే టెన్షన్ పడకండి, కానీ మీ వకీలుకి ముందే చెప్పండి. అప్పుడు సాక్షుల అవసరం ఎక్కువవుతుంది.

ధాన్యం పోసిన రైతు మీద కేసు వద్దని నా సలహా. దారికి అడ్డం పెట్టి జనానికి ప్రమాదం తేవడం భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద నేరమే, జరిమానా 5 వేల దాకా ఉంటుంది. ఆ డబ్బు మీకు రాదు. పరిహారం విషయంలో, బయటి వ్యక్తులు ఇద్దరి తప్పు వల్ల ప్రమాదం జరిగితే బాధితుడు ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో ఖెన్యేయి కేసులో తేల్చింది. కాబట్టి మొత్తం వ్యాను ఇన్సూరెన్స్ నుంచే అడగండి. ఆ రైతూ మీ నాన్నగారి లాంటివాడే. కళ్లం లేక, తేమ తగ్గకపోతే ధర తెగ్గోస్తారన్న భయంతో రోడ్డెక్కినవాడు. పైగా మీకు సాక్షిగా నిలబడాల్సినవాడు, ప్రతివాదిని చేసి దూరం చేసుకోకండి. ఆరబెట్టుకోవడానికి ఊరికో చోటు చూపించమని మీ పంచాయతీని అడగాల్సిందే, ఆ పోరాటం ఈ కేసుకి బయటిది. రోడ్డు డిజైన్ లోపం వల్ల ప్రాణం పోతే మోటారు వాహనాల చట్టం 198ఎ సెక్షన్ కింద కాంట్రాక్టరుకో అధికార సంస్థకో లక్ష దాకా జరిమానా వేయొచ్చు. అదీ కుటుంబానికి వచ్చే డబ్బు కాదు.

ఎంత రావచ్చో అంచనాకి ఒక లెక్క వేద్దాం. నెలకి 12 వేలు ఆదాయం అని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే ఏడాదికి 1,44,000. సొంత పని చేసుకునే 50–60 ఏళ్లవారికి భవిష్యత్తు పెరుగుదల కింద 10 శాతం కలిపితే 1,58,400. ఆధారపడినవాళ్లు ముగ్గురు కాబట్టి ఆయన సొంత ఖర్చు మూడో వంతు తీసేస్తే 1,05,600. ఏడాది మొత్తాన్ని వయసుని బట్టి కోర్టులు ఒక గుణకంతో హెచ్చవేస్తాయి, 58 ఏళ్లకి అది 9. అంటే 9,50,400. భార్యకి, పిల్లలిద్దరికి తోడు కోల్పోయినందుకు మనిషికి 40 వేలు, అంత్యక్రియలకి 15 వేలు, ఆస్తి నష్టం కింద 15 వేలు అదనం. ఈ మూడూ 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పులో పెట్టిన మొత్తాలు, మూడేళ్లకోసారి 10 శాతం పెరుగుతాయి. అన్నీ కలిపితే 11 లక్షల పైమాటే, కేసు వేసిన నాటి నుంచి వడ్డీ వేరు. ఆదాయం రుజువుకి కౌలు కార్డు, ఈ-క్రాప్ నమోదు, ధాన్యం అమ్మిన రసీదులు, బ్యాంకు పాసుబుక్కు పనికొస్తాయి. డ్రైవరుకి లైసెన్సు లేదని కంపెనీ తప్పించుకోబోతే, ముందు మీకు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశిస్తుంటాయి.

అన్నిటికంటే తొందర గడువుది. 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. మీకు మే నెలాఖరు దాకానే ఉంది, మేలో సివిల్ కోర్టులకి వేసవి సెలవులు. ఈ గడువు చెల్లదంటూ వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుకి వెళ్లాయి. గడువు దాటిందన్న ఒక్క కారణంతో కేసులు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. దాన్ని నమ్ముకుని మాత్రం ఆగకండి, సెలవులు రాకముందే వేసేయండి. ప్రమాదం జరిగిన చోటైనా, మీరు ఉండే చోటైనా ఆ పరిధిలోని ట్రిబ్యునల్లో వేయొచ్చు.

డ్రైవరు మీద పోలీసులు పెట్టిన కేసు వేరే దారిలో నడుస్తుంది. భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసేస్తే పోయే కేసు కాదు అది. అందుకోసం వ్యాను యజమాని డబ్బు ఇస్తానన్నా తెల్లకాగితాల మీద సంతకాలు చేయకండి.

వకీలు ఫీజు గురించి బెంగ ఉంటే మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లండి. 1987 న్యాయ సేవాధికారాల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. దరఖాస్తు మీ అమ్మగారి పేరున పెట్టండి. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, వాహన తనిఖీ రిపోర్టు, చార్జిషీటు వేసి ఉంటే దాని నకలు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఆధార్ కార్డులు పట్టుకెళ్లండి. కౌలు కార్డు జిరాక్సు మాత్రమే ఇవ్వండి, ఒరిజినల్ సాక్ష్యం చెప్పే రోజు దాకా ఇంట్లోనే భద్రంగా ఉంచుకోండి.