న్యూయార్క్ స్టేట్ ఫారెస్ట్‌లో టెంట్ వేయడానికి ముందే బుకింగ్ చేసుకోవాలా?

అక్కర్లేదు. పది మంది లోపు ఉండి, ఒకే చోట మూడు రాత్రులకు మించి ఉండకపోతే, మామూలుగా బుకింగూ ఫీజూ పర్మిటూ ఏవీ లేకుండానే టెంట్ వేసుకోవచ్చు.

ఎందుకంటే అక్కడ అడవి శాఖ మనకు కట్టి ఇచ్చే వసతంటూ పెద్దగా ఏమీ లేదు, కుళాయి ఉండదు, బాత్రూమ్ ఉండదు, చెత్త కూడా మనమే వెనక్కి మోసుకురావాలి, మరి దేనికి డబ్బు తీసుకుంటారు? షరతు మాత్రం ఒకటి గట్టిది: రోడ్డుకీ, కాలిబాటకీ, వాగుకీ చెరువుకీ కనీసం 150 అడుగుల దూరంలో టెంట్ ఉండాలి. పసుపు రంగు 'క్యాంప్ హియర్' గుర్తు కొట్టిన చోటైతే ఆ దూరం లెక్క లేదు.

ఉదాహరణకు న్యూజెర్సీ నుంచి మూడు కుటుంబాలు కలిసి 12 మంది బయల్దేరితే, ఒక్క రాత్రికైనా సరే, ఆ ప్రాంతపు ఫారెస్ట్ రేంజర్ దగ్గర ముందే పర్మిట్ తీసుకోవాలి.

చాలామంది స్టేట్ పార్కునీ స్టేట్ ఫారెస్టునీ ఒకటే అనుకుంటారు, టెన్షన్ అంతా అక్కడే. వేడినీళ్ల షవర్లు, నంబర్లు వేసిన సైట్లు, నెలల ముందు బుకింగ్, ఇవన్నీ పార్కుల సంగతి. ఇంకోటి, ఇంటి దగ్గర కట్టెలు కారులో వేసుకెళ్లకండి. హీట్ ట్రీట్ చేయని, అంటే పురుగులు చచ్చేలా వేడి చేయని కట్టెల్ని 50 మైళ్లు దాటించకూడదు, వాటితో చెట్లను తినే పురుగులూ ప్రయాణిస్తాయి.