కోతల సీజన్‌లోనూ పిల్లలతో మాట తెగకుండా ఉండాలంటే

అక్కా, మీరూ బావగారూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు, పాప పదో తరగతి, బాబు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు, వారమంతా నలుగురూ సరిగ్గా మాట్లాడుకునే తీరికే లేదు, పిల్లలు దూరమైపోతారేమోనని భయంగా ఉంది అని రాశారు. మా ఇల్లు కూడా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది కాబట్టి మాకు పనికొచ్చింది చెప్తాను.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. వానాకాలం వడ్లు వస్తే అక్టోబర్ చివరి నుంచి, యాసంగి వడ్లు వస్తే ఏప్రిల్ నుంచి మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, కాంటాలు అయ్యేదాకా ఇంటికి పోయే మాటే ఉండదు. మా ఆవిడ ఏఎన్ఎం, ఊళ్లు తిరిగే డ్యూటీ. బాబు ఇంటర్ రెండో సంవత్సరం, పాప తొమ్మిదో తరగతి.

ఈ వయసు పిల్లలను "రా, కూర్చో, మాట్లాడుకుందాం" అని ఎదురుగా కూర్చోబెడితే నోరు తెరవరు, "ఏం లేదు", "బాగానే ఉంది" అని లేచిపోతారు. వాళ్లకు అది మాటలాగా ఉండదు, విచారణలాగా ఉంటుంది. అదే పక్కపక్కన ఏదో ఒక పనిలో ఉన్నామనుకోండి, వాళ్లే మొదలుపెడతారు. కాబట్టి కొత్తగా టైమ్ ఎక్కడి నుంచి తేవాలా అని టెన్షన్ పడకండి, ఎలాగూ చేయాల్సిన పనుల్లోనే వాళ్లను పక్కన ఉంచుకోండి.

మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది బండి. ట్యూషన్ అయ్యాక పాపను ఇంటికి తెచ్చేది నేనే. ఎంత రష్ ఉన్నా మా సేటుకు చెప్పి ఆ కాస్సేపు బయటపడతాను, పాపను దింపి మళ్లీ మిల్లుకు పోతాను. వెనక కూర్చుంటే నా ముఖం తనకు కనబడదు, తన ముఖం నాకు కనబడదు, అందుకేనేమో ఇంట్లో అడిగితే రాని మాటలన్నీ దారిలో వస్తాయి, దోస్తుతో మాట పట్టింపులు, క్లాసులో అందరి ముందూ సార్ ఏదో అన్నాడని బాధ, అలాంటివన్నీ. నేను "ఊఁ", "తర్వాత?" అంటాను అంతే, సలహా అడిగితే తప్ప ఇవ్వను. బండి మీద మార్కుల ముచ్చట తీయకూడదని మా ఇద్దరికీ ఒప్పందం ఉంది, నిజం చెప్పాలంటే దానివల్లే ఇదంతా నడుస్తోంది. ఆకలేస్తే దారిలో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగుతాం, అప్పుడు ఇంకో పది నిమిషాలు కలిసొస్తాయి.

బాబుకు వాళ్లమ్మ దగ్గర చనువు ఎక్కువ. ఆవిడది నారాయణపేట వైపు, ఆదివారం రాత్రి జొన్న రొట్టె ఉండాల్సిందే. ఆవిడ పిండి కలిపి రొట్టె తడుతుంటే వాడు పెనం దగ్గర నిలబడి కాలుస్తాడు, ఎంసెట్ (ఇప్పుడు దాన్ని ఎప్‌సెట్ అంటున్నారు) అంటే వాడికి ఎంత భయమో ముందు తెలిసింది అక్కడ ఆవిడకే, నాకు కాదు. తల్లీదండ్రుల్లో ఒక్కరికి చెప్పుకున్నా చాలు, నాకెందుకు చెప్పలేదని రెండోవాళ్లు నిలదీయకూడదు.

సెలవు దొరికితే దూరాలు పోనక్కర్లేదు. మేము నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయాం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలబడే ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదని అడిగితే మా వాడు వెలుతురు ఎటు నుంచి వస్తుంది, ఏ స్తంభాలు అడ్డం ఉన్నాయి అని కాగితం మీద గీసి చెప్పాడు, చెల్లెలు ఒప్పుకోక వాదించింది, తిరుగు బస్సులో కూడా అదే గొడవ. పిల్లలు మనకు నేర్పే సందర్భం వస్తే వదులుకోకండి అక్కా, వాళ్ల ముఖమే వేరేగా ఉంటుంది. మీకైతే పిల్లలమర్రి దగ్గరే కదా, అలా ఒకసారి పోయి రండి.

హాస్టల్ బాబు సంగతి. కలవడానికి పోయినప్పుడు టిఫిన్ డబ్బా తీసుకుపోండి, ముందు కడుపునిండా తిననివ్వండి, వీక్లీ టెస్టులో ర్యాంకు ఎంత అని మీరుగా అడగొద్దు, వాడే చెప్తాడు. ఫోన్ దొరికే ఆ కొద్ది నిమిషాల్లో ఇంటి ముచ్చట్లు చెప్పండి, చెల్లి ఏం చేసింది, పక్కింటి బర్రె ఈనింది, ఏదైనా సరే. అక్కడ వాడికి చదువు తప్ప ఇంకో మాట వినబడదు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తిండి తగ్గి, నిద్ర పట్టక, దోస్తులతో కూడా మాట మానేశాడంటే అది మన బిజీ వల్ల వచ్చిన దూరం అనుకుని ఊరుకోకండి. టెలీ మానస్ అని మనసు బాగోలేనివాళ్లతో ఫోన్‌లో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా చేయొచ్చు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచకపోతే మీరు కూడా చేయొచ్చు. ఆ నంబర్ బాబుకు ఇప్పుడే రాసి ఇవ్వండి, ఫిబ్రవరి దాకా ఆగొద్దు, పరీక్షలు దగ్గరపడ్డాక మనం ఏం చెప్పినా వాళ్ల చెవికెక్కదు.